అమెరికా నుంచి కెనడా పీఆర్: గుంటూరు, విజయవాడ ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

మా తమ్ముడు, మరదలు అమెరికాలో ఉండగా 2023లో పక్కనే ఉన్న కెనడాకు పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) కోసం ఫైల్ వేశారు. ఫారాలు నింపింది వాళ్ళే. కానీ ఆ ఫారాలకు జత చేయాల్సిన కాగితాల్లో సగం గుంటూరులో, విజయవాడలో, కాకినాడలో ఉన్నాయి. వాటి కోసం తిరిగింది నేను. అప్పటి నుంచి మా బ్రాడీపేటలో ఎవరి పిల్లలు కెనడా మాట ఎత్తినా ఫోన్ నాకే వస్తోంది. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పే బదులు, అడిగినవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను కన్సల్టెంట్‌ని కాను, లాయర్‌ని కాను. ఒక ఫైల్‌ని మొదటి కాగితం నుంచి చివరిదాకా దగ్గరుండి చూసిన అక్కని. ఫీజులు, పాయింట్లు మారుతూ ఉంటాయి కాబట్టి ఫైల్ వేసే రోజున కెనడా ఇమిగ్రేషన్ శాఖ ఐఆర్‌సీసీ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్1బీ పని వీసా మీద అమెరికాలో ఉన్నాడు. కెనడా పీఆర్‌కి వేయాలంటే ఇండియా రావాలా?

అక్కర్లేదు. దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్‌లోనే. వేలిముద్రలు అమెరికాలోని సెంటర్‌లోనే ఇవ్వొచ్చు, మెడికల్ అక్కడే చేయించుకోవచ్చు. అమెరికాలో చేసిన ఉద్యోగ అనుభవం కూడా లెక్కలోకి వస్తుంది. ఇక్కడి నుంచి వెళ్ళాల్సింది మనిషి కాదు, కాగితాలు. వాటి సంగతి కింద వివరంగా రాశాను.

ప్రశ్న: కెనడాకి వేస్తే అమెరికా గ్రీన్ కార్డ్ లైన్ పోతుందా?

వేసినంత మాత్రాన హెచ్1బీ గానీ, గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసి ఆమోదం పొందిన ఐ-140 గానీ రద్దు కావు. చాలామంది ఈ భయంతోనే రెండు మూడేళ్ళు ఆగిపోతారు. ఆ ఆగిన కాలంలో, పీఆర్ లెక్కలో వయసుకి ఇచ్చే పాయింట్లు పోతాయి.

అమెరికాలో ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఒక్కో దేశానికి అందులో 7 శాతం మించకూడదని పరిమితి. మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు కదా, అందుకే లైన్ అంత పొడవు. మధ్యలో ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. మా తమ్ముడి టీమ్‌లో ఒకేసారి సగం మందిని తీసేసిన వారం, మా అమ్మకి రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. కెనడా ఆలోచన మా ఇంట్లో మొదలైంది ఆ వారమే.

ప్రశ్న: కెనడా పీఆర్ ఉంటే అమెరికాలో ఉద్యోగం చేసుకోవచ్చా?

పీఆర్ ఒక్కదాని మీద చేసుకోకూడదు, హెచ్1బీ లాంటి అమెరికా పని వీసా విడిగా ఉండాలి. టీఎన్ అనే అమెరికా పని వీసా కూడా కెనడా పౌరులకే, పీఆర్ ఉన్నవాళ్ళకి కాదు.

ప్రశ్న: "67 పాయింట్లు వచ్చాయి, పీఆర్ వచ్చినట్టే" అని ఒకాయన చెప్పారు. నిజమేనా?

కాదు. ఇక్కడ రెండు లెక్కలు ఉన్నాయి. రెండిటినీ కలిపి చెప్పేవాళ్ళ వల్లే ఎక్కువమంది మోసపోతున్నారు.

మొదటిది అర్హత లెక్క. కెనడాలో పని చేసిన అనుభవం లేనివాళ్ళు ఎక్కువగా వచ్చేది ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దారిలో. అందులో 100కి 67 రావాలి. భాష, చదువు, అనుభవం, వయసు లాంటివి చూస్తారు. ఈ 67 వస్తే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పూల్‌లోకి అడుగు పెట్టడానికి గేటు తీసినట్టు, అంతే.

లోపలికి వెళ్ళాక రెండో లెక్క మొదలవుతుంది. దాని పేరు సీఆర్ఎస్, 1200కి. ఎప్పటికప్పుడు డ్రా తీసి, ఆ రోజు కటాఫ్ దాటినవాళ్ళకి ఇన్విటేషన్ పంపుతారు. ఇన్విటేషన్ వస్తేనే పీఆర్‌కి దరఖాస్తు చేయగలం. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ 2015 జనవరిలో మొదలైంది, అప్పటి నుంచీ పద్ధతి ఇదే. ప్రొఫైల్ 12 నెలలు ఉంటుంది, ఆలోపు పిలుపు రాకపోతే మళ్ళీ వేసుకోవచ్చు.

ప్రశ్న: సీఆర్ఎస్ ఎంత వస్తుందో ఒక ఉదాహరణ చెప్పండి.

మా ఇంటి లెక్కే చెప్తాను, ఒక్కొక్క పాయింటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు నోటికి వచ్చు.

తమ్ముడికి అప్పటికి 29 ఏళ్ళు. భార్యతో కలిసి వేస్తే ఆ వయసుకి 100. అమెరికాలో చేసిన ఎమ్మెస్‌కి 126. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో లిజనింగ్ 8.5, రీడింగ్ 8, రైటింగ్, స్పీకింగ్ 7.5 చొప్పున వచ్చాయి, దానికి 128. మంచి ఇంగ్లిష్ స్కోరుతో పాటు ఎమ్మెస్ ఉన్నందుకు 50, కెనడా బయట మూడేళ్ళు దాటిన అనుభవం ఉన్నందుకు ఇంకో 50. అక్కడికి 454. మరదలు కూడా ఐఈఎల్‌టీఎస్ బాగా రాసింది, దానికి 20. ఆమె బీటెక్‌కి 8. మొత్తం 482.

2023 మార్చి 29న తీసిన డ్రాలో కటాఫ్ 481.

ఆ 8 పాయింట్లు లేకపోతే 474 దగ్గర ఆగిపోయేవాళ్ళు. మే నెలలో తమ్ముడికి 30 నిండితే వయసు పాయింట్లు 100 నుంచి 95కి పడిపోయేవి. భార్య డిగ్రీని లెక్క కట్టించడం దేనికి, వచ్చేది ఎనిమిదే కదా అని మా వాళ్ళు కూడా మొదట అనుకున్నారు. అందుకే ఎవరు అడిగినా ముందు ఇదే చెప్తాను: భార్యాభర్తలిద్దరి చదువు, ఇద్దరి ఇంగ్లిష్ పరీక్ష లెక్కలోకి తెచ్చుకోండి. ఎవరిని ప్రధాన దరఖాస్తుదారుగా పెడితే ఎక్కువ వస్తుందో రెండు రకాలుగానూ వేసి చూడండి. ఐఆర్‌సీసీ వెబ్‌సైట్‌లో కాలిక్యులేటర్ ఉచితం.

పెళ్ళి కానివాళ్ళకి 29 ఏళ్ళు, మాస్టర్స్, మూడేళ్ళ అనుభవం, ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్ 8, మిగతావి 7 ఉంటే 469 వస్తుంది. అదే మనిషికి 35 నిండితే 436. 45 నిండితే వయసుకి సున్నా.

ప్రశ్న: ఇప్పుడు కూడా 480కి పిలుస్తున్నారా?

ఇది దాచకుండా చెప్పాలి. పరిస్థితి మా తమ్ముడి నాటిలా లేదు. అందరినీ కలిపి తీసే జనరల్ డ్రా 2024 ఏప్రిల్‌లో తీశారు, ఆ తర్వాత 2025 అంతా చూసినా మళ్ళీ తీయలేదు. 2025లో పిలుపులు ఎక్కువగా కెనడాలోనే పని చేసినవాళ్ళకి, ఏదో ఒక ప్రావిన్స్ నామినేషన్ ఉన్నవాళ్ళకి, ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి, హెల్త్‌కేర్ ఉద్యోగాలవాళ్ళకి వెళ్ళాయి. కెనడా అనుభవం ఉన్నవాళ్ళ డ్రాలలో కూడా కటాఫ్ 500 పైనే. దేశం మొత్తానికి 2026లో ఇవ్వదలచిన పీఆర్‌లు 3,80,000, అంతకుముందు ఏడాదులకంటే తక్కువ.

కాబట్టి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మాస్టర్స్, మంచి ఇంగ్లిష్ ఉన్నంత మాత్రాన ఈరోజు పిలుపు వస్తుందని నేను చెప్పలేను. ప్రావిన్స్ నామినేషన్ వస్తే 600 పాయింట్లు కలుస్తాయి, ఇక ఇన్విటేషన్ వచ్చినట్టే. కానీ ఒక్కో ప్రావిన్స్‌ది ఒక్కో నియమం, చాలా చోట్ల అక్కడి ఉద్యోగమో చదువో అడుగుతారు. క్యూబెక్ పద్ధతి పూర్తిగా వేరు. కొందరు కంపెనీ ద్వారా కెనడా ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ చేయించుకుని, అక్కడ ఏడాది పని చేసి వేస్తున్నారు. కంపెనీకి అక్కడ ఆఫీసు ఉంటే మేనేజర్‌ని అడగడానికి మొహమాటపడొద్దు.

ప్రశ్న: ఫ్రెంచ్ నేర్చుకుంటే నిజంగా ఉపయోగమా? మనవాళ్ళకి వస్తుందా?

ఉపయోగం చాలా పెద్దది. 2025 మార్చిలో ఫ్రెంచ్ వాళ్ళకి తీసిన ఒక డ్రాలో కటాఫ్ 379 దాకా దిగింది. ఆ ఏడాది కెనడా అనుభవం ఉన్నవాళ్ళు కూడా 500 దాటాల్సి వచ్చింది. పైన చెప్పిన 469 మనిషికి ఫ్రెంచ్‌లో నాలుగు విభాగాల్లోనూ ఏడో స్థాయి వస్తే రెండో భాషకి 12, ద్విభాషకి 50 కలిసి 531 అవుతుంది. పైగా ఆ ప్రత్యేక డ్రాలోకి కూడా వస్తాడు.

రావడం సంగతి అంటే, నెలా రెండు నెలల్లో అయ్యే పని కాదు. నాకు తెలిసిన ఒక అమ్మాయి తెనాలి నుంచి వెళ్ళి డల్లాస్‌లో ఉంటోంది. పొద్దున్నే ఆఫీసుకి ముందు గంట, రాత్రి గంట చొప్పున ఏడాదికి పైగా చదివింది. మొదటిసారి స్పీకింగ్‌లో తగ్గింది, రెండోసారి దాటింది. పరీక్ష టీఈఎఫ్ కెనడా గానీ, టీసీఎఫ్ కెనడా గానీ రాయాలి. ఇండియాలో ఉన్నవాళ్ళకి దగ్గర్లో హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. వయసు 30ల్లో ఉండి, స్కోరు 430, 440 దగ్గర ఆగినవాళ్ళకి నాకు కనిపించే నమ్మకమైన దారి ఇదే.

ప్రశ్న: ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాశాం, పనికొస్తుందా?

పనికిరాదు. జనరల్ ట్రైనింగ్ రాయాలి. సెల్‌పిప్ జనరల్, పీటీఈ కోర్ కూడా ఒప్పుకుంటారు. రిజల్ట్ రెండేళ్ళే చెల్లుతుంది.

ప్రశ్న: ఈసీఏ అంటే ఏమిటి? ట్రాన్స్‌క్రిప్ట్‌లు ఎక్కడ తీసుకోవాలి?

కెనడా బయట చదివిన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో ఒక గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చే రిపోర్ట్ ఈసీఏ. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది డబ్ల్యూఈఎస్ అనే సంస్థకి. దానికి యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మార్కులన్నీ ఉన్న అధికారిక పత్రం, వెళ్ళాలి. రిపోర్ట్ ఐదేళ్ళు చెల్లుతుంది. అమెరికాలో ఎమ్మెస్ చేసినవాళ్ళు సాధారణంగా ఆ ఎమ్మెస్ ఒక్కదానికి చేయిస్తే సరిపోతుంది, యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో పంపేస్తుంది, పెద్ద కష్టం ఉండదు. తిప్పలు ఇక్కడి డిగ్రీకే.

మెమోల మీద ఏ యూనివర్సిటీ పేరు ఉందో అక్కడే అడగాలి. గుంటూరు, కృష్ణా జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీలు కొన్ని ఒకప్పుడు నాగార్జున యూనివర్సిటీ కింద ఉండేవి, తర్వాత జేఎన్‌టీయూ కాకినాడ కిందికి వెళ్ళాయి. 2008లోనే జేఎన్‌టీయూ కాకినాడ వేరే యూనివర్సిటీ అయింది. అందుకే కాలేజీ పేరు చెప్పి ఆగకండి, మెమో తీసి పైన ఉన్న పేరు చదవండి. నాగార్జున అయితే విజయవాడ నుంచి గుంటూరు వచ్చే హైవే మీదే, సగం పూటలో కనుక్కుని రావచ్చు.

మరదలిది కాకినాడ. నేను పొద్దున రైలెక్కి సామర్లకోటలో దిగి, అక్కడి నుంచి బస్సులో వెళ్ళాను. సంచిలో అన్ని సెమిస్టర్ల మెమోల జిరాక్స్‌లు, ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ, మరదలు సంతకం చేసి పంపిన అధికార పత్రం, డబ్ల్యూఈఎస్ ఇచ్చిన ఫారం ఉన్నాయి. రెండో సంవత్సరంలో ఒక సబ్జెక్ట్ సప్లిమెంటరీ రాసింది, ఆ మెమో జిరాక్స్ మాత్రం నా దగ్గర లేదు. ఆ ఒక్క కాగితం కోసం ఆ పూట పని ఆగిపోయింది. గుంటూరులో మా వారు బీరువా వెతికి ఫోటో తీసి పంపితే, బయట షాపులో ప్రింట్ తీసి మధ్యాహ్నం ఇచ్చాను. పాసైన మెమోలతో పాటు తప్పిన మెమోలు కూడా తీసుకెళ్ళండి.

ఇంకో మాట. ట్రాన్స్‌క్రిప్ట్ మన చేతికి విడిగా ఇస్తే దానికి విలువ ఉండదు. యూనివర్సిటీ వాళ్ళే కవర్‌లో పెట్టి, అంటించిన చోట ముద్ర, సంతకం పడేలా సీల్ చేసి పంపాలి. లేదా వాళ్ళే ఆన్‌లైన్‌లో పంపాలి. కవర్ మీద డబ్ల్యూఈఎస్ రిఫరెన్స్ నంబర్ ఉండాలి. నేను కౌంటర్ దగ్గరే నిలబడి ఆ నంబర్‌ని అంకె అంకె చదివించుకున్నాను. అక్కడి ఆయన విసుక్కోలేదు, "మీలాంటివాళ్ళు రోజూ వస్తారమ్మా" అన్నాడు.

ప్రశ్న: పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, పాస్‌పోర్ట్‌లో ఇంకో పేరు. ఏం చేయాలి?

మన తెలుగువాళ్ళ ఫైళ్ళన్నిటిలోనూ ఉండే చిక్కు ఇది. దీన్ని ముందు తేల్చుకున్నాకే మిగతా పనులు మొదలుపెట్టండి.

మనకి ఇంటిపేరు ముందు వస్తుంది. టెన్త్ సర్టిఫికెట్‌లో అలాగే రాస్తారు. కొందరికి ఇంటిపేరు బదులు పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి వేరే. అమెరికా వెళ్ళాక అక్కడి బ్యాంకులో, ఆఫీసులో ఇంటిపేరు చివరికి పోతుంది, మధ్య పేరు ఎగిరిపోతుంది. ఆడపిల్లలకి పెళ్ళయ్యాక కొన్ని కాగితాల్లో పుట్టింటి పేరు, కొన్నిట్లో అత్తింటి పేరు. దీని మీద స్పెల్లింగులు. మా మరదలి పేరులో లక్ష్మి ఉంది. టెన్త్‌లో "కే ఎస్ హెచ్"తో రాశారు, పాస్‌పోర్ట్‌లో "ఎక్స్"తో ఉంది. మనకి రెండూ ఒకటే పేరు, మనల్ని ఎరగని ఆఫీసర్‌కి రెండు వేరే పేర్లు.

మేము చేసింది ఇదీ. తెల్లకాగితం మీద గళ్ళు గీసి, ఒక్కో సర్టిఫికెట్‌లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా రాశాను. పాస్‌పోర్ట్‌లో ఉన్నదే అసలు పేరుగా పెట్టుకుని, దానితో తేడా ఉన్నవాటి కింద ఎర్ర గీత. ఐదు చోట్ల తేడా తేలింది. ఆ ఐదిటికీ కలిపి, ఈ పేర్లన్నీ ఒకే మనిషివి అని స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్ రాయించి, గుంటూరు కోర్టు దగ్గర నోటరీ చేయించాం. దానితో పాటు తేడా ఎందుకొచ్చిందో మామూలు మాటల్లో ఒక పేజీ లెటర్. ప్రొఫైల్‌లో ఎప్పుడూ పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే ఇవ్వాలి. ఆన్‌లైన్ ఫారంలో "వేరే పేర్లు ఏమైనా వాడారా" అని ఒక ప్రశ్న ఉంటుంది, అక్కడ లేదు అని కొట్టేయకండి, మిగతా రూపాలన్నీ రాయండి.

పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అలాంటప్పుడు కెనడా ఫారంలో పేరు మొత్తం ఫ్యామిలీ నేమ్ గడిలో వేసి, రెండో గడి ఖాళీగా వదలాలి. సమయం ఉంటే మాత్రం ముందే పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ చేర్పించుకోవడం మేలు. ఫైల్ వేశాక మార్చడం పెద్ద టెన్షన్.

ప్రశ్న: ఎక్స్‌పీరియెన్స్ లెటర్ కంపెనీ ఇచ్చింది, రెండే లైన్లు ఉన్నాయి. చాలదా?

చాలదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పని చేశారు అనే రిలీవింగ్ లెటర్‌తో తిరస్కరణ వచ్చినవాళ్ళు ఉన్నారు. లెటర్‌హెడ్ మీద హోదా, చేసిన పనులు, వారానికి గంటలు, జీతం, సంతకం చేసినవారి వివరాలు ఉండాలి. ఆ పనులు మీరు ఎంచుకున్న ఎన్ఓసీ కోడ్‌కి (కెనడాలో ఒక్కో రకం ఉద్యోగానికి ఇచ్చే నంబర్) సరిపోవాలి. సాఫ్ట్‌వేర్‌లోనే ఇంజనీర్లకి 21231, డెవలపర్లకి 21232 అని వేరు వేరు కోడ్‌లు. కోడ్ కింద కెనడా ప్రభుత్వం రాసిన వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు కాపీ కొట్టి లెటర్ చేయించకండి, ఆఫీసర్లకి అది ఇట్టే తెలిసిపోతుంది. హెచ్ఆర్ ఇవ్వనంటే మేనేజర్ దగ్గర లెటర్, దానికి తోడు పే స్లిప్‌లు, ఆఫర్ లెటర్, ట్యాక్స్ కాగితాలు పెట్టి, ఎందుకు ఇలా పెట్టారో వివరణ రాయాలి.

ప్రశ్న: డబ్బు ఎంత చూపించాలి? పొలం, బంగారం చూపించొచ్చా?

2025 జూలైలో పెట్టిన లెక్క: ఒక్కరికి 15,263 కెనడియన్ డాలర్లు, ఇద్దరికి 19,001, ముగ్గురికి 23,360, నలుగురికి 28,362. ఏటా మారుస్తారు. కెనడా అనుభవం దారిలో వేసేవాళ్ళకి ఈ నియమం లేదు.

పొలం, ఇల్లు, బంగారం లెక్కలోకి రావు. మా నాన్నగారు ఆ మాట విని చాలాసేపు మాట్లాడలేదు. ఆయన జీవితమంతా కూడబెట్టింది ఆ నాలుగెకరాల్లోనే ఉంది. అప్పు తెచ్చిన డబ్బు కూడా చెల్లదు. చేతికి అందే డబ్బు, మీ పేరునో జీవిత భాగస్వామి పేరునో బ్యాంకులో ఉండాలి. బ్యాంకు లెటర్‌లో ఖాతా ఎప్పుడు తెరిచారు, ఇప్పుడు ఎంత ఉంది, గత ఆరు నెలల సగటు ఎంత, బాకీలు ఏమున్నాయి అనేవి ఉండాలి.

ఇక్కడ మన జిల్లావాళ్ళకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది. మిర్చి అమ్మిన డబ్బు యార్డు నుంచి రాగానే నాన్నలు పిల్లల ఖాతాలో ఒకేసారి వేస్తారు. ఆరు లక్షలు ఒక్కరోజు పడితే అది ఎక్కడిదని అడుగుతారు. అప్పుడు నాన్నగారి గిఫ్ట్ డీడ్, తిరిగి ఇవ్వక్కర్లేదనే మాటతో, దానికి తోడు యార్డులో ఇచ్చిన అమ్మకం పట్టీ, నాన్నగారి ఖాతా స్టేట్‌మెంట్ జతచేస్తే సరిపోతుంది. వీలైతే ఇన్విటేషన్ దాకా ఆగకుండా ఆరు నెలల ముందే వేసి కదపకుండా ఉంచండి.

ప్రశ్న: పోలీస్ క్లియరెన్స్ ఎక్కడిది తేవాలి?

గత పదేళ్ళలో, 18 ఏళ్ళు నిండాక, వరుసగా ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి దేశానిదీ. అమెరికాకి ఎఫ్‌బీఐ రిపోర్ట్, ఫీజు 18 డాలర్లు. ఇప్పుడు ఉంటున్న దేశానిది దరఖాస్తుకి ముందు ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి. ఇండియాది, ఇక్కడే ఉన్నవాళ్ళకి పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని విజయవాడ సేవా కేంద్రానికి వెళ్ళడమే, ఫీజు 500 రూపాయలు. అమెరికాలో ఉన్నవాళ్ళు భారత కాన్సులేట్ ద్వారా తీసుకోవాలి.

కాన్సులేట్‌లో వేసినా వెరిఫికేషన్ మన ఊరికి రావచ్చు. తమ్ముడి పాస్‌పోర్ట్‌లో మా కొత్తపేట పాత అద్దె ఇంటి అడ్రస్ ఉంది. కానిస్టేబుల్ అక్కడికి వెళ్ళి, ఎవరూ తెలియదన్నారని తిరిగి వెళ్ళాడు. పది రోజుల తర్వాత పాత ఇంటి ఓనరు గారు ఫోన్ చేస్తే గానీ మాకు తెలియలేదు. ఇన్విటేషన్ వచ్చాక ఉండేది 60 రోజులే, అందులో పది అలా పోయాయి. నేను అద్దె అగ్రిమెంట్, నాన్న ఆధార్ పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళి చెప్తే, మర్నాడే వచ్చి రాసుకున్నారు. పాస్‌పోర్ట్‌లో పాత అడ్రస్ ఉంటే ఆ ఇంటివాళ్ళకీ, పక్కింటివాళ్ళకీ ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ప్రశ్న: పుట్టిన సర్టిఫికెట్ తెలుగులో ఉంది. పెళ్ళి రిజిస్టర్ కాలేదు. ఎలా?

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి అఫిడవిట్‌తో కావాలి. కుటుంబ సభ్యులు చేసింది చెల్లదు. నేను తెలుగు, ఇంగ్లిష్ రెండూ చదివినదాన్నే అయినా బయటివాళ్ళతో చేయించాల్సి వచ్చింది. పెళ్ళిని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోండి. ఇద్దరూ అమెరికా నుంచి సెలవు మీద వచ్చినప్పుడు మొదట పెట్టుకోవాల్సిన పని ఇది, తిరుపతి తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: మనవరాలు అమెరికాలో పుట్టింది, అమెరికా పౌరురాలు. ఆ పిల్లకి కూడా వేయాలా?

వేయాలి. వెంట వచ్చినా రాకపోయినా భార్య లేదా భర్త, పెళ్ళికాని 22 ఏళ్ళలోపు పిల్లలు అందరినీ ఫైల్‌లో చూపించాలి. ఇప్పుడు చూపించనివాళ్ళని తర్వాత స్పాన్సర్ చేయడం దాదాపు కుదరదు.

ప్రశ్న: విజయవాడలో ఒక కన్సల్టెన్సీ జాబ్ ఆఫర్‌తో సహా పీఆర్ గ్యారంటీ అంటోంది. కట్టమంటారా?

దయచేసి కట్టకండి. పీఆర్ గ్యారంటీ ఇవ్వగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

మా పిన్ని కొడుకు ఇలాగే మూడు లక్షలు అడ్వాన్స్ ఇచ్చాడు. ఏసీ రూము, గోడ నిండా జెండాలు, చక్కగా మాట్లాడే అమ్మాయిలు. రెండు నెలలకి ఒక ఆఫర్ లెటర్ పీడీఎఫ్ వచ్చింది. వాడు సంతోషంగా నాకు పంపాడు. చూస్తే పంపినవాళ్ళది మామూలు జీమెయిల్ ఐడీ, లెటర్‌లో కంపెనీ పేరు పైన ఒకలా, కింద ఒకలా ఉంది. ఆ కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో నంబర్ వెతికి ఫోన్ చేయించాం, అలాంటి ఉద్యోగమే లేదన్నారు. డబ్బు ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు. ఆ డబ్బు మా బాబాయి రిటైర్ అయినప్పుడు వచ్చినది.

తెలుసుకోవాల్సినవి రెండు. జాబ్ ఆఫర్‌కి ఇచ్చే సీఆర్ఎస్ పాయింట్లని 2025 మార్చి 25 నుంచి తీసేశారు. ఇప్పటికీ వాటి పేరు చెప్పి డబ్బు అడిగేవాడు మీకు పాత సరుకు అమ్ముతున్నట్టు. రెండోది, తప్పుడు కాగితం పెట్టి దొరికితే ఐదేళ్ళు కెనడా తలుపు మూసేస్తారు. ఆ కాగితం కన్సల్టెంట్ పెట్టాడు, నాకు తెలియదు అంటే వినరు, సంతకం మీదే. లేని అనుభవానికి లెటర్ చేయిస్తామనేవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. పిల్లలకి అది ఎంత ప్రమాదమో ఇంట్లో పెద్దవాళ్ళే కూర్చోబెట్టి చెప్పాలి.

సాయం కావాలంటే డబ్బు తీసుకుని కెనడా ఫైల్ చూసే అధికారం ఉన్నది అక్కడి లాయర్లకి, క్యూబెక్ నోటరీలకి, లైసెన్స్ ఉన్న ఆర్‌సీఐసీ కన్సల్టెంట్లకి. ఆ లైసెన్స్ నంబర్‌ని కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ వెబ్‌సైట్‌లో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. మామూలు ఫైల్ అయితే ఓపికగా కూర్చుంటే మీరే వేసుకోగలరు. మా వాళ్ళు అలాగే వేశారు.

ప్రశ్న: మొత్తం ఖర్చు, సమయం?

2024 ఏప్రిల్ 30న పెంచినప్పుడు పెద్దవాళ్ళకి ఒక్కొక్కరికి 1,525 కెనడియన్ డాలర్లు, పిల్లలకి 260 అయింది. బయోమెట్రిక్స్ ఒక్కరికి 85, కుటుంబానికి 170. రెండేళ్ళకోసారి ఫీజు పెంచుతారు. పరీక్షలు, ఈసీఏ, మెడికల్ వీటికి అదనం. 2025 ఆగస్టు 21 నుంచి మెడికల్ ముందే చేయించుకుని ఫైల్‌తో పాటే పెట్టాలి, అదీ వాళ్ళ జాబితాలో ఉన్న డాక్టర్ దగ్గరే. ఫైల్ వేశాక ఆరు నెలలు అంటారు. మా వాళ్ళకి మేలో వేస్తే జనవరి అయింది.

ప్రశ్న: పిల్లలు వెళ్ళాక మేము వెళ్ళి ఉండొచ్చా?

అమ్మానాన్నలు అడిగే ప్రశ్నల్లో నన్ను ఎక్కువ కదిలించేది ఇదే. పిల్లలతో పాటు అదే ఫైల్‌లో తల్లిదండ్రులని చేర్చలేరు. తల్లిదండ్రుల పీఆర్ పథకం ఉంది గానీ, 2025 దాకా పరిమిత సంఖ్యలో, లాటరీ పద్ధతిలోనే పిలిచారు. దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. అందుబాటులో ఉన్నది సూపర్ వీసా. ఒక్కసారి వెళ్తే ఐదేళ్ళ దాకా ఉండొచ్చు. పిల్లల ఆదాయం నిర్ణీత స్థాయికి ఉండాలి, కనీసం లక్ష కెనడియన్ డాలర్ల వైద్య బీమా ఏడాదికి తీసుకోవాలి, మెడికల్ చేయించుకోవాలి. 2025 జనవరి నుంచి కెనడా బయటి కొన్ని బీమా కంపెనీల పాలసీలు కూడా ఒప్పుకుంటున్నారు. బీపీ, షుగర్ ఉంటే బీమా ప్రీమియం పెరుగుతుంది, అవి దాచి పాలసీ తీసుకోకండి.

మా అమ్మ ఐదు నెలలు ఉండి వచ్చింది. చలి సంగతి అటుంచి, పొద్దున్నే మాట్లాడటానికి పక్కింటివాళ్ళు లేకపోవడమే కష్టమైందని చెప్పింది. వెళ్ళేది ఏ నెలలో అనేది చూసుకోండి. మేలో వెళ్తే పార్కుల్లో మనవాళ్ళు కనిపిస్తారు, పొద్దు గడుస్తుంది.

ప్రశ్న: పీఆర్ వచ్చాక అక్కడే ఉండాలా? ఇక్కడి పొలం ఏమవుతుంది?

ఐదేళ్ళలో మొత్తం 730 రోజులు కెనడాలో ఉండాలి, వరుసగా కానక్కర్లేదు. పీఆర్ తీసుకుని అమెరికాలోనే ఉద్యోగం చేసుకుంటే ఈ రోజులు తగ్గిపోతాయి, కార్డ్ రెన్యూవల్ దగ్గర ఇబ్బంది. అక్కడి పౌరసత్వానికి ఐదేళ్ళలో 1,095 రోజులు కావాలి.

పీఆర్ వచ్చినా మన పౌరసత్వం, మన పాస్‌పోర్ట్ అలాగే ఉంటాయి. కెనడా పౌరసత్వం తీసుకున్న రోజున భారత పౌరసత్వం పోతుంది, ఓసీఐ కార్డ్ (విదేశీ పౌరులైన మనవాళ్ళకి భారత ప్రభుత్వం ఇచ్చేది) తీసుకోవాలి. పొలం గురించి మా నాన్నగారు మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకున్నది ఇది: విదేశాల్లో స్థిరపడిన ఎన్ఆర్ఐలు, ఓసీఐలు ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు, కానీ తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా రావచ్చు. ఆ మాట తేలాక ఆయన పట్టాదారు పాస్‌పుస్తకం, అడంగల్ కాపీ, వీలునామా ఒక కవర్‌లో పెట్టి, తమ్ముడి ఫైల్ పక్కనే బీరువాలో ఉంచారు. తాళం నా దగ్గర ఉంది.